లాగే కుక్క మెడలో ఏముండాలి? – శ్రీ సత్యసాయి జిల్లా పశుసంవర్ధక శాఖకు, మూడు పట్టణాల పాలక సంస్థలకు బహిరంగ లేఖ



ఏటా జూలై 6వ తేదీన, 1885లో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే బాలుడికి రేబిస్ టీకా వేసిన రోజుకు గుర్తుగా జరిపే ప్రపంచ జూనోసిస్ దినాన (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధులను జూనోసిస్ వ్యాధులంటారు), ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేయడం రాష్ట్రంలో ఆనవాయితీగా వస్తున్నది. పట్టణంలోని పెద్ద కుక్కలు ఇన్ని ఒకేసారి, యజమానులతో సహా, ఒకే ఆవరణలోకి వచ్చే సందర్భం మరొకటి అరుదు. కొత్త మనుషులు, మందుల వాసన, చుట్టూ మొరిగే ఇతర కుక్కలు ఉన్న ఆ చోట ముప్పై నలభై కిలోల జంతువు యజమానిని ఈడ్చుకుపోతున్నప్పుడు మెడపట్టీ తల మీదుగా జారిపోయినా, పగ్గపు కొక్కెం విరిగినా ఏమవుతుందో పశువైద్యులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజు టీకాతో పాటు ప్రతి పెద్ద కుక్క మెడపట్టీని, పగ్గాన్ని కూడా పరిశీలించి, అవి తగినవో కావో యజమానికి చెప్పే ఏర్పాటు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పశువైద్యశాలల్లో మొదలు కావాలన్నది ఈ లేఖ విన్నపం. ఆ పరిశీలనకు ప్రమాణాలు ఏవై ఉండాలో, వాటి వెనుక ఉన్న కారణాలేమిటో కింద వివరించడమైనది.

బెంగళూరుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న హిందూపురానికి, 44వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న పెనుకొండకు, రైల్వే కూడలి అయిన ధర్మవరానికి ఆ మహానగరపు అలవాట్లు త్వరగా చేరతాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, డాబర్‌మన్ వంటి జాతులు ఇప్పుడు ఈ పట్టణాల వారికి కొత్తవి కావు. కర్ణాటక నుంచి ముధోల్, తమిళనాడు నుంచి రాజపాలయం వంటి దేశవాళీ వేటకుక్కలను తెచ్చుకొనే వారూ ఉన్నారు. దక్కనులో పెద్ద కుక్కకు దక్కిన గౌరవం కూడా పాతదే. అడవిపందితో తలపడి ప్రాణాలు విడిచిన కాళి అనే వేటకుక్క కోసం 10వ శతాబ్దంలో ఆతకూరులో వేయించిన శాసనశిల నేటికీ బెంగళూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. అయితే అడవిలో పరుగెత్తడానికి తరతరాలుగా ఎంపిక చేసిన శరీరాన్ని కాలిబాట లేని బజారులో, ఆటోలకూ ద్విచక్ర వాహనాలకూ మధ్య, వీధికుక్కలూ గొర్రెల మందలూ ఎదురయ్యే దారిలో నడిపించడం వేరే విద్య. కుక్కను కొనేటప్పుడు జాతి గురించి పది ప్రశ్నలు అడిగే కుటుంబం, దాని మెడకు కట్టేదాన్ని మాత్రం దుకాణంలో చేతికందినదిగా తెచ్చుకోవడం ఎక్కువ చోట్ల కనిపించే వాస్తవం. ఆ చేతికందేది చాలావరకు ఇనుప గొలుసే.

పెద్ద కుక్క ఎందుకు లాగుతుందన్న ప్రశ్నకు జవాబు తెలియకుండా పట్టీని ఎంచడం సాధ్యం కాదు. యజమాని మీద పెత్తనం చేయాలన్న ఉద్దేశంతో కుక్క లాగుతుందన్న నమ్మకం బలంగా పాతుకుపోయింది, కానీ దానికి ఆధారం లేదు. కుక్క సహజమైన నడక వేగం మనిషి నడక కన్నా ఎక్కువ. దాని దృష్టి ముందున్న వాసన మీద, కదులుతున్న వస్తువు మీద ఉంటుంది. అది ఒకసారి ముందుకు లాగినప్పుడు యజమాని రెండడుగులు వెంట వేస్తే, లాగితే కోరుకున్న చోటు దగ్గరవుతుందన్న పాఠాన్ని ఆ రెండడుగులే నేర్పుతాయి. తృప్తినిచ్చే ఫలితం వచ్చిన చర్యను ప్రాణి మళ్లీ మళ్లీ చేస్తుందని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో ప్రచురించిన ప్రయోగాల నుంచి ఎదిగిన సూత్రం, అంటే మనోవిజ్ఞానంలో ఫలిత నియమంగా పేరు పడ్డది, ఇక్కడ పూర్తిగా వర్తిస్తుంది. దీనికి తోడు, శరీరాన్ని ఒక వైపు లాగితే ఆ ఒత్తిడికి ఎదురుగా మొగ్గడం చాలా జంతువుల్లో కనిపించే సహజ ప్రతిస్పందన. అందువల్ల యజమాని ఎంత గట్టిగా వెనక్కి లాగితే కుక్క అంత గట్టిగా ముందుకు వంగుతుంది, పగ్గం ఎప్పుడూ బిగుతుగా ఉండటమే ఇద్దరికీ అలవాటైపోతుంది. లాగడం కుక్క గుణంలో లోపం కాదు. దాన్ని నడిపించే వారు తెలియకుండానే రోజూ ఇచ్చిన శిక్షణ ఫలితం.

ఇక బలం సంగతి. 35 కిలోల కుక్క గంటకు సుమారు 14 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 4 మీటర్ల చొప్పున, వీధి అవతల కనిపించిన పిల్లి వైపు దూకి, పగ్గం చివరికి చేరి, సెకనులో ఐదో వంతు కాలంలో ఆగిపోయిందనుకుంటే, ఆ క్షణంలో పగ్గం మీద పడే సగటు బలం 700 న్యూటన్లు, అంటే దాదాపు 70 కిలోల బరువుకు సమానం. అదే పగ్గం కొద్దిగా సాగి, ఆగడానికి పట్టే కాలాన్ని సెకనులో ఐదింట రెండు వంతులకు పెంచితే బలం సగానికి తగ్గుతుంది. ఇనుప గొలుసు ఏమాత్రం సాగదు కనుక దెబ్బంతా ఒక్కసారిగా ఒక చివర యజమాని భుజానికి, మరో చివర కుక్క మెడకు చేరుతుంది. ఆ బలం మెడ మీద ఎంత వెడల్పున పరచుకుంటుందన్నది మరో లెక్క. ఒకే బలం 20 మిల్లీమీటర్ల పట్టీ మీద కన్నా 40 మిల్లీమీటర్ల పట్టీ మీద సమంగా పడినప్పుడు చర్మంపై ఒత్తిడి సగమే అవుతుంది. గొలుసు విషయంలో ఆ వెడల్పు కొన్ని కడియాల అంచులకే పరిమితమవుతుంది. నడిపించే వారు బలమైన మనుషులా కాదా అన్నది ఈ లెక్కల తర్వాతే ఆలోచించవలసిన విషయం. చాలా ఇళ్లలో కుక్కను నడిపించే పని గృహిణుల మీదో, పెద్దవారి మీదో, బడి పిల్లల మీదో పడుతుంది కనుక దాన్ని విస్మరించడానికీ వీలు లేదు.

మెడలో ఏ భాగాలు ఉన్నాయో గుర్తు చేసుకుంటే ప్రమాదం స్పష్టమవుతుంది. పట్టీ ఉండే చోటే శ్వాసనాళం, స్వరపేటిక, థైరాయిడ్ గ్రంథి, తల నుంచి రక్తాన్ని వెనక్కి తెచ్చే పెద్ద సిరలు, వెన్నెముక తొలి పూసలు ఉంటాయి. మెడపట్టీని లాగినప్పుడు కుక్క కంటిలోపలి ద్రవపు ఒత్తిడి పెరుగుతుందని, అదే బలాన్ని ఛాతీ పట్టీల ద్వారా ప్రయోగించినప్పుడు అలా పెరగదని 2006లో అమెరికాలో ప్రచురితమైన ఒక పశువైద్య అధ్యయనం చూపింది. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ కార్టర్, ఆమె సహచరులు కుక్క మెడ నమూనా మీద వేర్వేరు పట్టీలను పరీక్షించి 2020లో ప్రకటించిన ఫలితాలు మరింత నిక్కచ్చిగా ఉన్నాయి. మెత్తటి అస్తరు ఉన్నదైనా, వెడల్పైనదైనా, లాగే కుక్క మెడకు హాని చేయగల ఒత్తిడి కలిగించని పట్టీ ఒక్కటీ వారికి కనబడలేదు. ఈ ప్రాంతానికి దీనిలో మరొక కోణం ఉంది. కుక్క శరీరమంతటా చెమట పట్టదు, పాదాల అడుగున ఉన్న కొద్దిపాటి గ్రంథులు తప్పిస్తే అది ప్రధానంగా నోరు తెరిచి రొప్పడం ద్వారానే ఒంటి వేడిని బయటకు పంపుతుంది. మార్చి నుంచి జూన్ వరకు ఎండ నిప్పులు చెరిగే ఈ కరువు నేలలో రొప్పుతున్న కుక్క మెడను పట్టీ నొక్కడమంటే, అది చల్లబడే ప్రధాన దారిని మూయడమే. లాబ్రడార్ వంటి పెద్ద జాతుల్లో వయసు మళ్లాక స్వరపేటిక కండరాలు చచ్చుబడే వ్యాధి రావచ్చు. అలాంటి ముసలి కుక్కకు మెడకు పగ్గం కట్టడం ఏ కాలంలోనూ తగదు.

ఇప్పుడు రకాల విషయానికి వస్తే, మడతలేని సాదా పట్టీ, అంటే బకిల్ ఉన్న మామూలు బెల్టు, కుక్క మెడలో ఎప్పుడూ ఉండదగినదే. దాని మీద యజమాని ఫోన్ నంబరు, టీకా బిళ్ల ఉండాలి. కానీ లాగే కుక్కకు పగ్గం తగిలించే చోటు అది కాకూడదు. ముధోల్ వంటి వేటకుక్కలకు తల మెడ కన్నా సన్నగా ఉండటం వల్ల సాదా పట్టీ వెనక్కి గుంజగానే చెవుల మీదుగా ఊడి వస్తుంది. వాటి కోసం మార్టింగేల్ అనే పట్టీ ఉంది. దానిలో రెండు వలయాలుంటాయి, పగ్గం బిగిసినప్పుడు చిన్న వలయం పెద్ద వలయాన్ని ఒక హద్దు వరకు మాత్రమే దగ్గరికి లాగుతుంది, ఆ హద్దును సరిగా అమర్చితే తల జారదు, మెడా నలగదు. హద్దు లేకుండా బిగిసేది ఉచ్చు గొలుసు, అంగట్లో చోక్ చైన్ అనే పేరుతో దొరుకుతుంది. పేరులోనే చెప్పినట్టు అది ఊపిరి బిగబట్టించడం ద్వారా పని చేస్తుంది. ముళ్ల పట్టీలో లోపలి వైపు తిరిగిన లోహపు కొనలు మెడను గుచ్చుతాయి. జర్మనీ 2022 జనవరి 1 నుంచి శిక్షణలో దీని వాడకాన్ని నిషేధించింది, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ అంతకు ముందే ఆ పని చేశాయి. ఈ రెండింటిని సమర్థించే వారు అవి వెంటనే ఫలితం ఇస్తాయని అంటారు, అది కొంతవరకు నిజం కూడా. నొప్పి తగలగానే కుక్క ఆగుతుంది. అయితే ఎదురుగా మరో కుక్క లేదా చిన్నపిల్ల వచ్చిన ప్రతిసారీ మెడలో నొప్పి పుడితే, ఆ నొప్పికి కారణం ఎదురుగా వచ్చినదేనని కుక్క నమ్మడం మొదలుపెడుతుంది. లాగడం ఆగి, దాని స్థానంలో భయం, ఆపై కాటు వచ్చే మార్గం అది. ఉచ్చు గొలుసూ ముళ్ల పట్టీ ఈ జిల్లాలో అమ్మకానికే ఉండకూడదన్నది ఈ లేఖ నిశ్చితాభిప్రాయం.

మెడను వదిలి ఛాతీ మీదికి బలాన్ని మళ్లించే పట్టీల అమరికను హార్నెస్ అంటారు. ఇందులోనే చాలామంది యజమానులు మోసపోయే సంగతి ఒకటి ఉంది. ఎద్దు మెడ మీద కాడి వేసేది ఆ జంతువు తన భుజబలాన్నంతా సుఖంగా ఉపయోగించి నాగలి లాగడానికే కదా. వీపు మీద మాత్రమే రింగు ఉన్న హార్నెస్ కుక్కకు సరిగ్గా అలాంటి కాడే అవుతుంది. మంచు ప్రదేశాల్లో బండి లాగే కుక్కలకు హార్నెస్ తొడిగేది కూడా ఇందుకే. దాన్ని లాగే కుక్కకు తొడిగితే మెడ క్షేమంగా ఉంటుంది, లాగడం మాత్రం పెరగవచ్చు. అందువల్ల లాగే కుక్కకు కావలసింది ఛాతీ ముందు భాగంలో, రొమ్ము ఎముక మీద, మరొక రింగు ఉన్న హార్నెస్. పగ్గాన్ని ఆ ముందు రింగుకు తగిలించినప్పుడు కుక్క ముందుకు దూకితే, బలం వెనక్కి కాక పక్కకు పని చేసి, దాని ఛాతీని నడిపించే వారి వైపు తిప్పుతుంది. తిరిగిన శరీరంతో ముందుకు లాగడం సాధ్యం కాదు. దీనిలో నొప్పి లేదు, ఊపిరికి అడ్డు లేదు, నడిపించే వారికి అవసరమైన బలం కూడా తగ్గుతుంది.

అయితే హార్నెస్ దోషరహితం కాదు. భుజాలకు అడ్డంగా ఒక పట్టీ వెళ్లే రకాలు ముందుకాలు చాచడాన్ని అడ్డుకుంటాయని, మెడ కింద నుంచి రొమ్ము ఎముక మీదుగా ముందుకాళ్ల మధ్యకు దిగే రకాలు అడ్డుకోవని అందరూ అనుకునేవారు. 2019లో బ్రిటన్‌లో జరిగిన ఒక కొలత అధ్యయనంలో రెండు రకాలూ భుజపు చాపును తగ్గించాయని, ఆశ్చర్యకరంగా రెండో రకమే ఎక్కువ తగ్గించిందని తేలింది. కనుక పెరిగే వయసు కుక్కకు, కీళ్లనొప్పులున్న కుక్కకు రోజంతా హార్నెస్ ఉంచకూడదు. నడకకు ముందు తొడిగి, వచ్చాక విప్పాలి. చంకల్లో రాపిడి వల్ల చెమ్మ చేరి పుండు పడుతుందేమో వారానికొకసారి వేళ్లతో తడిమి చూడాలి.

మూతి మీదుగా ఒక పట్టీ, చెవుల వెనుక మరో పట్టీ ఉండే తలపట్టీని (హాల్టీ, జెంటిల్ లీడర్ పేర్లతో అంగట్లో దొరుకుతుంది) వీధిలో చూసిన వారు కుక్కకు చిక్కం కట్టారని పొరపడతారు. చిక్కం కాటును ఆపడానికి ఉద్దేశించినది, తలపట్టీ మాత్రం నోటిని బంధించదు, కుక్క దాన్ని వేసుకొని తాగగలదు, రొప్పగలదు. తల తిరిగిన వైపే ఒళ్లూ తిరుగుతుంది కనుక చాలా బరువైన కుక్కను బలహీనుడు నడిపించవలసి వచ్చినప్పుడు ఇది పనికొస్తుంది. కుక్కలు దాన్ని మొదట్లో ఇష్టపడవు, ముక్కును నేలకు రుద్దుతాయి, అలవాటు చేయడానికి ఓపిక కావాలి. దానికి కట్టిన పగ్గాన్ని ఎన్నడూ విదిలించి లాగకూడదు, మెడ పూసలు మెలిపడతాయి. మొదటి ఎంపికగా దీన్ని సిఫారసు చేయడం సమంజసం కాదు.

పగ్గం విషయంలో ధర్మవరం వంటి నేతపట్టణానికి చెప్పవలసింది తక్కువ, ఎందుకంటే పడుగు నాణ్యతను బట్టి బట్ట బలం ఉంటుందని అక్కడి ప్రతి మగ్గం ఇంటికీ తెలుసు. నైలాన్ పట్టీ బలమైనది, కాస్త సాగుతుంది కనుక కుదుపును మింగుతుంది, కానీ నీళ్లు పీల్చి తడిస్తే ఇంకొంచెం సాగుతుంది, ఏళ్ల తరబడి ఎండలో ఉంటే బలం కోల్పోతుంది. పాలిస్టర్ తక్కువ సాగుతుంది, ఎండకు ఎక్కువ కాలం నిలుస్తుంది. చౌకగా దొరికే పాలీప్రొపిలీన్ అంచులు అరచేతిని కోస్తాయి, ఎండకు అది త్వరగా పొడిబారి చిట్లుతుంది. తోలు పగ్గం చేతికి అన్నిటికన్నా హాయినిస్తుంది. అయితే ఏ తోలైనా పనికిరాదు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో, 2020లో పద్మశ్రీ పొందిన దళవాయి చలపతిరావు వంటి కళాకారులు తోలుబొమ్మలకు వాడే మేకతోలు, దీపపు వెలుగు పారేలా శుభ్రపరచి ఆరబెట్టినదే తప్ప పదును చేసినది కాదు, నీరు తగిలితే అది మెత్తబడిపోతుంది. పగ్గానికి కావలసింది పదును చేసిన బర్రె తోలు. తోలు పదును చేయడంలో దక్షిణ భారతంలో తరతరాలుగా వాడినది ఈ సీమ గట్ల మీద పూసే తంగేడు చెక్కే. పదును తోలుకు కూడా వేసవిలో నెలకొకసారి నూనె పట్టించకపోతే బీటలు పడతాయి.

పొడవు మీటరున్నర, వెడల్పు 20 నుంచి 25 మిల్లీమీటర్లు ఉన్న సాదా పగ్గం పట్టణపు వీధికి సరిపోతుంది. లాగిన కొద్దీ డబ్బాలోంచి సన్నని తాడు బయటికొచ్చే చుట్టపగ్గం, అంటే రిట్రాక్టబుల్ లీష్, లాగే కుక్కకు పూర్తిగా అనర్హం. లాగితే మరింత తాడు దొరుకుతుందని అదే నేర్పుతుంది, ఆ సన్నతాడు ఎవరి కాలికైనా చుట్టుకుంటే చర్మం కోసుకుపోతుంది, కుక్క వాహనాల నడుమకు వెళ్లిపోయాక ఆపడానికి సమయం ఉండదు. అసలు విరిగేది సాధారణంగా పట్టీ కాదు, కొక్కెం. మెరిసే పూతపోసిన పోత లోహపు కొక్కేలు ఏ హెచ్చరికా లేకుండా పుటుక్కున విరుగుతాయి, కంచు లేదా తుప్పుపట్టని ఉక్కుతో చేసినవి, రింగు కొనలు అతుకువేసి మూసినవి చూసి కొనాలి. కుట్టు ఒక్క వరుసలో కాక నలుచదరంగా, మధ్యలో అడ్డదిడ్డంగా రెండు గీతలతో ఉండాలి. రెండు కొసలా కొక్కేలున్న పగ్గం దొరికితే ఒకటి హార్నెస్ ముందు రింగుకు, రెండోది మెడపట్టీకి తగిలించి, ఒకటి తప్పినా మరొకటి పట్టి ఉంచేలా చేయవచ్చు. కొత్త కుక్కకు, భయపడే కుక్కకు ఇది తప్పనిసరి అనడం అతిశయోక్తి కాదు. పగ్గాన్ని మణికట్టుకు చుట్టుకోవడం మాత్రం ఎవరూ చేయకూడదు. కుక్క దూకినప్పుడు వేళ్లు, మణికట్టు విరిగేది అందువల్లే. ద్విచక్రవాహనానికి కట్టి పరుగెత్తించడం మనిషికీ కుక్కకూ సమానంగా ప్రాణాంతకం, దాన్ని పోలీసు శాఖ సహాయంతో అరికట్టవలసిన బాధ్యత పట్టణ పాలక సంస్థలది.

కొలత తీయడం తేలిక. మెడ చుట్టుకొలతను పట్టీ ఆనే చోట, ఛాతీ చుట్టుకొలతను ముందుకాళ్ల వెనుక, పక్కటెముకలు అన్నిటికన్నా విశాలంగా ఉన్నచోట టేపుతో తీయాలి. తొడిగాక పట్టీకీ చర్మానికీ మధ్య రెండు వేళ్లు చదునుగా దూరాలి, మూడోది దూరకూడదు. ఆ తర్వాత కుక్కను ఎదుటి నుంచి పిలిచి పగ్గాన్ని మెల్లగా ముందుకు లాగి చూడాలి, వెనక్కి నడిచి తప్పించుకోగలిగితే అమరిక వదులని అర్థం. ఏడాదిలోపు కుక్కలకు పక్షానికొకసారి తిరిగి కొలవకపోతే పట్టీ మెడలోకి దిగబడుతుంది. అలా చర్మంలో కూరుకుపోయిన పట్టీని కోసి తీయవలసి రావడం పశువైద్యులు ఎరిగినదే.

ఏ పట్టీ ఎంచుకున్నా ఒక సంగతిని దాటవేయడం కుదరదు. ఉదయం నుంచి రాత్రి వరకు వాకిట గొలుసుకు కట్టేసిన కుక్క బయటికి తీసిన మరుక్షణం లాగకుండా ఎలా ఉంటుంది? 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షన్ దీన్ని అప్పుడే గుర్తించింది. అనుచితంగా పొట్టిదైన లేదా బరువైన గొలుసుతో జంతువును అనుచితకాలం కట్టి ఉంచడం నేరమని, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడం కూడా యజమాని నేరమేనని అది వేర్వేరు ఉపనిబంధనల్లో స్పష్టంగా చెప్పింది. తొలి నేరానికి జరిమానా మాత్రం ఇప్పటికీ 10 రూపాయల నుంచి 50 రూపాయలే. ఇంత బలహీనమైన శిక్ష ఎవరినీ మార్చలేదు కనుక మార్పు బోధన ద్వారానే రావాలి. మరోవైపు, జంతువు విషయంలో నిర్లక్ష్యం వల్ల మనిషికి ప్రమాదం వాటిల్లే స్థితి తెచ్చిన వారికి 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తెగిన పగ్గం యజమానిని ఎక్కడికి తీసుకెళ్లగలదో చెప్పడానికి ఇది చాలు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 23 జాతుల కుక్కల మీద ఆంక్షలు కోరుతూ సర్క్యులర్ జారీ చేసినప్పుడు, సంబంధిత వర్గాలను సంప్రదించలేదన్న కారణంతో కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టివేసినప్పుడు, జాతుల గురించి దేశమంతటా వాదోపవాదాలు జరిగాయి. ఆ చర్చలో పగ్గం మాట దాదాపు వినిపించకపోవడం విచారకరం, ఎందుకంటే ఏ జాతి కుక్క అయినా వీధిలో మనిషి అదుపులో ఉందా లేదా అన్నది చివరికి తేలేది ఆ మీటరున్నర పట్టీ దగ్గరే.

శిక్షణ గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. పగ్గం బిగిసిన క్షణాన మనిషి ఆగిపోవాలి, వదులైన క్షణాన మాత్రమే అడుగు వేయాలి, కుక్క తనంతట తాను పక్కకు వచ్చినప్పుడు మోకాలి దగ్గర ఒక తినుబండారం అందించాలి. మొదటి రోజుల్లో పది నిమిషాల్లో వీధి మలుపు కూడా దాటకపోవచ్చు, అయినా అదే సరైన నడక. వేసవిలో దీన్ని సూర్యోదయానికి ముందే ముగించాలి, అరచేతి వెనుక భాగాన్ని తారురోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలకు అది కాలే రోడ్డే. ఇంట్లో అందరూ ఒకే పద్ధతి పాటించడం అన్నిటికన్నా కీలకం. నలుగురు ఆగి, ఐదో మనిషి లాగనిస్తే, అప్పుడప్పుడు మాత్రమే దొరికే ప్రతిఫలం కోసం కుక్క మరింత పట్టుదలగా లాగుతుంది. ఎప్పుడో ఒకసారి ఫలితమిచ్చే ప్రవర్తన, ప్రతిసారీ ఫలితమిచ్చే దాని కన్నా ఆలస్యంగా చెరుగుతుందన్నది ప్రవర్తనా శాస్త్రంలో స్థిరపడిన విషయం.

పైన చెప్పినదంతా ఆచరణలోకి రావడానికి ప్రభుత్వానికి అయ్యే ఖర్చు స్వల్పం. ప్రతి పశువైద్యశాలలో ఒక కొలత టేపు, మూడు పరిమాణాల్లో ముందు రింగు ఉన్న నమూనా హార్నెస్‌లు ఉంటే చాలు. టీకా కార్డు మీద మెడ, ఛాతీ కొలతలు రాసే ఒక గడి చేర్చవచ్చు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు పెంపుడు జంతువుకు టీకా బాధ్యతను యజమాని మీదే ఉంచాయి కనుక, పురపాలక కార్యాలయాల్లో కుక్క లైసెన్సు జారీ చేసేటప్పుడు తగిన పట్టీ, పగ్గం ఉన్నాయో లేదో చూడటం ఆ పనిలో సహజంగా ఇమిడిపోతుంది. ఉచ్చు గొలుసులు, ముళ్ల పట్టీలు అమ్మవద్దని పెంపుడు జంతువుల సామగ్రి దుకాణాలకు పశుసంవర్ధక శాఖ ఒక లేఖ రాస్తే ఎక్కువ మంది దుకాణదారులు వినగలరు. ఎద్దుల మెడపట్టెడలు కుట్టిన చేతి నేర్పు ఇంకా మిగిలి ఉన్న ఈ ప్రాంతపు తోలు పనివారికి సరైన నమూనా చూపించి, కొలతకు హార్నెస్‌లు కుట్టించుకోవచ్చని యజమానులకు చెప్పడం వల్ల ఇరువురికీ మేలు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పశువైద్యశాలల్లో రాబోయే జూలై 6న టీకా కోసం వచ్చే ప్రతి పెద్ద కుక్కకు మెడ, ఛాతీ కొలతలు తీసి, దాని పట్టీని పరిశీలించి, యజమానికి రెండు నిమిషాల సలహా ఇచ్చే విధంగా ఇప్పటినుంచే సిబ్బందికి ఉత్తర్వులు జారీ చేయవలసిందిగా జిల్లా పశుసంవర్ధక శాఖాధికారి గారికి, దానికి స్థలం, ప్రచారం సమకూర్చవలసిందిగా మూడు పట్టణాల కమిషనర్లకు వినయపూర్వక విజ్ఞప్తి.